అద్దె రశీదులో లేని లెక్క



ఎమ్మిగనూరులో రాత్రి బస్సెక్కి తెల్లవారుజామున హైదరాబాదులో దిగిన ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. తండ్రికి పెద్దాసుపత్రిలో గుండె పరీక్ష కావచ్చు, కూతురికి ఉద్యోగ పరీక్ష కావచ్చు. చేతి సంచిలో జొన్నరొట్టెలు, చెనక్కాయల పొడి. జేబులో లెక్కపెట్టి పెట్టుకున్న డబ్బు. లాడ్జి కౌంటరు దగ్గర వాళ్లు అడిగేవి రెండే ప్రశ్నలు. "రోజుకెంత?" "వేడినీళ్లు వస్తాయా?" ఆదోనిలో రైలెక్కి బెంగుళూరు వెళ్లినా, బొంబాయి వెళ్లినా మనమూ ఈ రెండే అడుగుతాం. మూడో ప్రశ్న ఒకటుంది. అది ఈ వారం మీ ముందుంచుతున్నాను: మనం పడుకునే ఈ గదికి నేల, నీరు, గాలి ఎంత చెల్లిస్తున్నాయి? మన తరఫున ఇంకెవరు చెల్లిస్తున్నారు?

"అయ్యా, అది డబ్బున్నవాళ్లు వేసుకునే ప్రశ్న. మాకు తక్కువ అద్దెకు గది దొరికితే చాలు" అని మీరనవచ్చు. ఆ మాటలో నిజముంది. పర్యావరణానికి మేలు చేసే హోటలు అనగానే మనకు కనబడేవి ఆకాశాన్నంటే అద్దాల మేడలే. బొంబాయి విమానాశ్రయం దగ్గర 1997లో వెలసిన ఆర్కిడ్ హోటలు ఈ విషయంలో ఆసియాలోనే ముందుగా గుర్తింపు పొందిన ఐదు నక్షత్రాల హోటలు. బెంగుళూరులోని ఐ.టి.సి. గార్డెనియాకు లీడ్ ప్లాటినం అనే పెద్ద పట్టా ఉంది. నీటిని శుద్ధి చేసి మళ్లీ వాడటం, కరెంటును పొదుపు చేయడం వంటి మంచి పనులు అటువంటి చోట్ల నిజంగానే జరుగుతాయి. కానీ అక్కడ ఒక్క రాత్రి అద్దెతో మనలో కొందరి ఇళ్లకు నెల బియ్యం వస్తాయి. అటువంటి పట్టా కావాలంటే దరఖాస్తు రుసుము కట్టాలి, తనిఖీల ఖర్చు భరించాలి. బస్టాండు పక్కన పన్నెండు గదుల లాడ్జి నడిపేవాడు ఆ జోలికి పోలేడు. కనుక పట్టా లేనంత మాత్రాన లాడ్జి చెడ్డదని కాదు. గోడమీద పచ్చ ఆకు బొమ్మ ఉన్నంత మాత్రాన హోటలు మంచిదనీ కాదు.

ఆ ఆకు బొమ్మకు ఒక చరిత్ర ఉంది. భూమిని కాపాడటానికి తువ్వాలును మళ్లీ వాడండి అని కోరే చీటీలు హోటలు స్నానాల గదుల్లో మీరు చూసే ఉంటారు. అలాంటి చీటీనే ఫిజీ దీవుల్లోని ఒక విడిదిలో చూశాడు జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికా పర్యావరణవాది. ఒకపక్క ఆ విడిది సముద్రతీరాన్ని ఆక్రమిస్తూ పెరుగుతోంది, మరోపక్క అతిథులను తువ్వాళ్లు పొదుపు చేయమంటోంది. ఆ విడ్డూరానికి ఆయన 1986లో తన వ్యాసంలో పెట్టిన పేరే 'గ్రీన్‌వాషింగ్'. మన మాటల్లో చెప్పాలంటే పచ్చరంగు పూత. తువ్వాలు ఉతకకపోతే హోటలుకు సబ్బు ఖర్చు, కూలి ఖర్చు మిగులుతాయి. పొదుపు మంచిదే. లాభం తనది చేసుకొని పుణ్యాన్ని చీటీమీద రాసుకోవడమే తప్పు.

తువ్వాళ్ల సంగతి మనకు ఇంకొకరు చెప్పాలా? ఆదోని మార్కెట్టుకు పత్తి మూటలు ఎలా వస్తాయో, ఒక్కో మూట వెనుక ఎంత అప్పు, ఎంత వాన ఉందో మనకు తెలుసు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘాన్ని స్థాపించి మగ్గానికి ఒక ఆసరా కల్పించిన ఊరు ఎమ్మిగనూరు. దుప్పటి అంటే ఏమిటో, అది ఎన్ని చేతులు మారి వస్తుందో ఈ ఊళ్లవాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? అటువంటి మనం లాడ్జిలో దుప్పటితో చెప్పులు తుడిచి, "వాళ్లే ఉతుక్కుంటారులే" అంటాం.

ఇక నీటి విషయం. కొత్తగా కట్టే భవనాలకు నీటి ఏర్పాటు చేసేటప్పుడు ఇంజనీర్లు వాడే లెక్కలున్నాయి. సాధారణ హోటలులో ఒక్కో మంచానికి రోజుకు 180 లీటర్లు, పై వరుస నక్షత్రాల హోటలులో 320 లీటర్లు. 2019లో మొదలైన జల జీవన్ మిషన్ పల్లెలో ఒక మనిషికి రోజుకు ఇవ్వాలనుకున్నది 55 లీటర్లు. అంటే పెద్ద హోటలులో ఒక మంచానికి లెక్కగట్టిన నీరు పల్లెలో దాదాపు ఆరుగురి వాటా. ఆ 55 లీటర్లయినా సక్రమంగా అందని గడపలు మన పడమటి మండలాల్లో ఎన్ని ఉన్నాయో మీకే తెలుసు.

హైదరాబాదు కుళాయిలో వచ్చే నీరు ఎక్కడిది? 1908 మూసీ వరద తరువాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు ఒకప్పుడు ఆ నగరం దాహం తీర్చాయి. నగరం పెరిగింది, అవి చాలలేదు. 2004 నుంచి నాగార్జునసాగర్ వైపు నుంచి కృష్ణ నీటిని వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తిపోసి తెస్తున్నారు. మన తుంగభద్ర ఏమవుతుంది? మంత్రాలయం ముంగిట పారి, కర్నూలు దాటి, కృష్ణలో కలిసి, శ్రీశైలం మీదుగా అదే సాగరానికి చేరుతుంది. దిగువ కాలువలో నీరెప్పుడు వదులుతారా అని కాచుకొని ఉండే మనం, నగరం లాడ్జిలో తిప్పే కుళాయిలో మన నదే కొంత ఉందన్నమాట. కృష్ణ నీరు చాలని రోజున ట్యాంకరు వస్తుంది. అది నగరం చుట్టుపక్కల బోర్లను తోడి తెచ్చిన నీరు.

పాఠకులారా, మన మనస్సాక్షికి గుచ్చుకోవలసింది ఇక్కడే. ఇంట్లో బిందెలు లెక్కపెట్టి వాడే మనిషి లాడ్జిలో కుళాయి విప్పి పళ్లు తోముకుంటాడు. ఇంట్లో ఒక బకెట్టుతో స్నానం ముగించేవాడు అక్కడ షవరు కింద పది నిమిషాలు నిలబడి వంద లీటర్లు పారబోస్తాడు. బయటికి వెళ్లినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఏమయ్యా అంటే, "డబ్బు కట్టాం కదా!" అద్దెతో మనం కొన్నది ఒక రాత్రి ఆశ్రయం. వృథా చేసే హక్కును ఎవరూ అమ్మలేదు, మనం కొనలేదు. లేమి వల్ల పొదుపు చేసినవాడు చేతిలో నాలుగు డబ్బులు పడగానే దుబారా చేస్తే, అంతకు ముందున్నది సుగుణం కాదు, గతిలేనితనమే. అవకాశం ఉన్నప్పుడు కూడా మిగిల్చినదే సుగుణం.

మరి చవకైన గది పూర్తిగా నిర్దోషి అనుకుందామా? అదీ కాదు. అద్దె తక్కువగా ఉందంటే ఎక్కడో ఏదో కోత పడి ఉంటుంది. గాలి, వెలుతురు కోసినా మనం ఓర్చుకోవచ్చు. రూం బాయ్ జీతం కోసి ఉంటే? దుప్పట్లు ఉతికే పిల్లవాడు మెట్లకింద పడుకుంటుంటే? కోసిగి, కౌతాళం, హొళగుంద పల్లెలు సుగ్గికి పోయే పల్లెలు. వాన లేని ఏడు ఇళ్లకు తాళాలు వేసి, పిల్లాపాపలతో గుంటూరు మిరప తోటలకూ, బెంగుళూరు కట్టడాలకూ, హైదరాబాదుకూ పోతారు. మనకు బకెట్టు తెచ్చిచ్చే కుర్రవాడు "అన్నా, యాడనుంచి వచ్చినారు? మాదీ ఆదోని పక్కనే" అన్నాడనుకోండి. అప్పుడు ఆ అద్దె తక్కువగా ఎందుకుందో మనకు వేరే చెప్పనక్కరలేదు. నేలను కాపాడి మనిషిని పీల్చే చోటును మేలైన చోటని ఎలా అనగలం?

అయితే మనబోటివాళ్లు ఏం చూసుకోవాలి? మొదట చోటు. ఆసుపత్రికో, పరీక్షా కేంద్రానికో నడిచి వెళ్లగల దూరంలో, లేదా 2017 నవంబరులో మొదలైన మెట్రో స్టేషను దగ్గర గది చూసుకుంటే ఆటో డబ్బులు మిగులుతాయి, పొగా తగ్గుతుంది. రెండవది కిటికీ. ఎదురుగాలి ఆడే గదికి ఫ్యాను చాలు. రాత్రంతా ఎనిమిది గంటలు తిరిగినా మామూలు ఫ్యానుకు ముప్పావు యూనిట్టు కూడా కాలదు. ఏ.సి.కి సుమారు పది యూనిట్లు కాలుతుంది. ముసలివాళ్లు, రోగులు ఉన్నప్పుడు మే నెల ఎండలో ఏ.సి. గది తీసుకోవడంలో తప్పు లేదు. మనకు చలివేసి రగ్గు కప్పుకునేటంత చల్లగా పెట్టుకోవడమే తప్పు. మూడవది స్నానాల గది. బకెట్టు, మగ్గు ఉన్నాయా? వేడినీళ్లకు డాబామీద సోలార్ పలకలున్నాయా? నాలుగవది తాగునీరు. 2022 జూలై 1 నుంచి దేశంలో నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో నీళ్ల సీసా లేదు. కనుక దాన్ని మనమే నిషేధించుకోవాలి. ఇంటి నుంచి స్టీలు సీసా తీసుకెళ్లి, లాడ్జిలో నీటి శుద్ధి యంత్రం ఉందేమో అడగండి. చివరగా, గది ఊడ్చే మనిషిని పలకరించండి. పేరడగండి, జీతం సరిగా ఇస్తున్నారా అని అడగండి. వెళ్లేటప్పుడు నాలుగు డబ్బులు చేతిలో పెట్టండి.

ఈ ప్రశ్నలడిగితే కౌంటరు దగ్గరి మనిషి మొదట వింతగా చూస్తాడు. పదిమంది అడిగితే యజమానికి చెబుతాడు. వందమంది అడిగితే యజమాని డాబామీదికి సోలార్ పలక ఎక్కిస్తాడు.

మన పూర్వులకు ఇది కొత్త కాదు. సత్రంలో ఒక చాప, ఒక బావి, ఆకులో అన్నం. దానికి ఏ పట్టా లేదు, గోడమీద ఏ చీటీ లేదు. నగరాల్లో శ్రీసభకు బడులున్నాయి, వసతి గృహాలున్నాయి. పిల్లలు ఇళ్లకు వెళ్లిన వేసవి సెలవుల్లో వాటిలో కొన్ని గదులు దూరపు ఊళ్ల రోగుల బంధువులకు తెరిస్తే ఎంత మేలు! విచారణ గురువుల ఉత్తరం పట్టుకొని వచ్చిన కుటుంబానికి న్యాయమైన అద్దెకు ఒక ఫ్యాను గది ఇస్తే చాలు. ఈ మాట మీ విచారణ సమావేశంలో ఎత్తండి. దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2015లో వెలువరించిన లౌదాతో సీ విశ్వలేఖలో నీటి పొదుపు, అక్కరలేని దీపం ఆర్పడం వంటి చిన్న పనులను సైతం విశ్వాస జీవితంలో భాగంగానే చెప్పారు. ఏ.సి.ల వాడకం పెరిగిపోవడాన్ని కూడా అందులో ఉదాహరణగా చూపారు.

దారిదోపిడీకి గురై పడి ఉన్నవాణ్ణి పూటకూళ్ల ఇంటికి చేర్చిన సమరయుని కథ మనకందరికీ తెలుసు. ఆయన రెండు దీనారాలిచ్చి చేతులు దులుపుకోలేదు. ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ఇచ్చిన డబ్బుతో తన బాధ్యత తీరిపోయిందని ఆయన అనుకోలేదు. మనం గది ఖాళీ చేసేటప్పుడు కౌంటరులో రశీదు ఇస్తారు. పారిన నీరు, కాలిన బొగ్గు, మెట్లకింద పడుకున్న కుర్రవాడి నిద్ర ఆ రశీదులో ఉండవు. ఆ బాకీ మనమే గుర్తుపెట్టుకోవాలి.

ఈసారి పట్నం ప్రయాణం పడ్డప్పుడు, గది తాళం చేతికిచ్చేముందు ఒక్కసారి వెనక్కి చూడండి. ఫ్యాను ఆగిందా? కుళాయి కట్టిందా? మీ ఇంటిని ఎలా వదిలి వచ్చారో, ఆ గదినీ అలాగే వదిలి రండి.