విషయ ధ్యానం ఎటు లాక్కెళుతుంది?

మనసు వేరు, చైతన్యం వేరు అన్న మాట మీదే ఆచార్య కోనేరు రామకృష్ణారావు (1932–2021) కృషి అంతా నిలబడింది. మనస్తత్వ శాస్త్రాన్నీ, దర్శనాలనీ పక్కపక్కన పెట్టి చదివిన తెలుగువారిలో ఆయనది ముందు వరస. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్ర విభాగాన్ని నెలకొల్పారు. అమెరికాలోని డర్హామ్‌లో పరామనస్తత్వ పరిశోధకుడు జె.బి. రైన్ దగ్గర పనిచేశారు. జంటపదాల జ్ఞాపకానికీ, అతీంద్రియ గ్రహణానికీ సంబంధం ఉందా అని పరీక్షించిన పత్రాన్ని సహ పరిశోధకులతో కలిసి 1977లో ప్రచురించారు. అతీంద్రియ శక్తుల విషయంలో ఆయన నిర్ణయాలను శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఆయన అభిమానులు మాత్రం ఆ భాగాన్నే మురిపెంగా చెప్పుకుంటారు. ఆయన చేసిన పెద్ద మేలు అక్కడ లేదు. ఆనంద్ పరాంజపే, అజిత్ దలాల్‌లతో కలిసి 2008లో వెలువరించిన భారతీయ మనస్తత్వ శాస్త్ర గ్రంథంలో ఉంది.

ఆ భారతీయ దృష్టితో చూస్తే, జ్ఞాపకం, ప్రేరణ, ప్రవర్తన అని పాశ్చాత్య శాస్త్రం వేర్వేరు అధ్యాయాలుగా చదివేది యోగశాస్త్రంలో ఒకే చక్రం. చేసిన ప్రతి పనీ చిత్తంలో సంస్కారంగా మిగులుతుంది. ఆ సంస్కారమే వాసనగా మారి కోరికను లేపుతుంది. కోరిక మళ్లీ పని చేయిస్తుంది. పతంజలి స్మృతిని కూడా చిత్తవృత్తుల్లోనే లెక్కించాడు. అంటే బాగా గుర్తుండటమే గొప్ప కాదు. ఏది గుర్తుండి మనిషిని తోస్తోందన్నదే ప్రశ్న.

గుంటూరు, ప్రకాశం నల్లరేగళ్లలో ఈ చక్రానికి నిదర్శనం కావాలంటే మిర్చి పంట ఉంది. 2023లో గుంటూరు యార్డులో క్వింటా 20 వేలు దాటి పలికిన మిర్చి 2025 ఫిబ్రవరికి కుప్పకూలింది. కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. ఎగుమతులూ, శీతల గిడ్డంగుల్లోని నిల్వలూ రైతు చేతిలో లేవు. ఆ నష్టాన్ని అతని ఆశ మీదకి నెట్టడం అన్యాయం. అయినా ఒక మంచి ఏడాది జ్ఞాపకం పదేళ్ల అనుభవాన్ని మింగేసి, అప్పుచేసి మరో రెండెకరాలు కౌలుకు పట్టించడం ఈ నేలకు కొత్త కాదు.

ఈ వాసనకు ఇప్పుడు ఫోను నీళ్లు పోస్తోంది. కల్లంలో ఆడకూలీలు పట్టాల మీద కూర్చుని తాలుకాయలు ఏరుతుంటారు. కాయ ఎండిందో లేదో చేత్తో నలిపి చూడాల్సిన ఆసామి మంచం మీద యార్డు ధరల సందేశాలు తిప్పుతుంటాడు. ధర గంటకోసారి మారదని అతనికి తెలుసు. అయినా వేలు ఆగదు. శివరాత్రికి కోటప్పకొండ మెట్లెక్కుతూ కూడా ఆగని వేలిని ఏమనాలి? త్రికోటేశ్వరుడు అక్కడ దక్షిణామూర్తి, మౌనంతో బోధించే గురువు. వెనుదిరిగి చూడవద్దన్న స్వామి మాట ఆయన భక్తురాలు గొల్లభామకు ఒక్క క్షణం మరుపున పడితే, ఆమె వెంట వస్తున్న స్వామి అక్కడే ఆగిపోయాడన్న కథ ఆ కొండ ఎక్కే ప్రతివారికీ తెలుసు.

గీత రెండో అధ్యాయం ఈ పతనాన్ని మెట్టుమెట్టుగా చూపింది. విషయ ధ్యానం వల్ల సంగం, సంగం వల్ల కామం, అది తీరక క్రోధం, క్రోధం వల్ల సమ్మోహం, ఆపైన స్మృతిభ్రంశం, చివరికి బుద్ధినాశం. ఇక్కడ పోయే స్మృతి లెక్కలూ పేర్లూ కాదు, తానెవరన్న ఎరుక. క్రోధం దాకా వచ్చాక ఆపడం మహా కష్టం. పట్టుకోవలసింది మొదటి మెట్టునే.

పట్టుకునే దారిగా పతంజలి చెప్పినవి అభ్యాసం, వైరాగ్యం. ఆ అభ్యాసం దీర్ఘకాలం, ఎడతెగకుండా, ఆదరంతో సాగాలన్నాడు. రామకృష్ణారావు తన చివరి దశాబ్దపు రచనల్లో దీనికి గాంధీజీ జీవితాన్ని ఉదాహరణగా తీసుకున్నారు. 2017లో ‘గాంధీస్ ధర్మ’ రాశారు. గాంధీజీ ఆశ్రమాల సాయంకాల ప్రార్థనలో స్థితప్రజ్ఞ లక్షణాల శ్లోకాలు నిత్య పఠనం. పైన చెప్పిన పతన క్రమం కూడా వాటిలోనిదే. ఆశ్రమవాసులు రోజూ దాన్ని వల్లించేవారు.