తెలుపకుండుట దాఁచుట యగునా?

పురపాలక సంఘ కార్యాలయపు వసారాలో గోడకొక ప్రకటనల బల్ల యుండును. మా పట్టణమందలి బల్లమీఁద మేకులు దిగఁగొట్టిన కాగితము లొకదానిపై నొకటి యంటుకొని, పైవి క్రిందివానిని గప్పి, వానజల్లునకు సిరా కరఁగి యుండును. దానికి ముందు మోటారు సైకిళ్లు వరుసగా నిలుపుదురు. వానిలో నొకటి రెండు ప్రక్కకుఁ ద్రోసినఁ గాని మనుష్యుఁడు బల్లయొద్దకుఁ బోఁజాలఁడు. పోయినను సగము కాగితములు ఇంగ్లీషుననే యుండును. ఇట్లున్నను, చట్టము తెలిసినవారి మాటలో, ఆ పట్టణమున నివసించు ప్రతివానికిని ఆ కాగితములలోని సంగతి తెలిసియే యున్నట్లు లెక్క.

ఒక సంగతిని దాఁచుట తప్పని చెప్పుటకుఁ బాండిత్య మక్కఱలేదు. దానిని దాఁపక, అబద్ధమాడక, అడిగినవానికి లేదనక, ఒక మూల నుంచి యూరకుండుట తప్పా కాదా యనునదియే కొంతకాలముగా మా మనస్సును బాధించుచున్న ప్రశ్న. ఇది తర్కవినోదమునకై యెత్తినది కాదు. దీనికిఁ గారణమైన యొక తప్పులో మాకును భాగము గలదు.

మూఁడేండ్ల క్రిందట మా పట్టణపు సంతవీథిని వెడల్పు చేయవలెననియు, దారిప్రక్కఁ గూర్చుండి కూరలమ్మువారిని వేఱొక స్థలమునకు మార్పవలెననియు మునిసిపాలిటీవారు తీర్మానించిరి. క్రొత్తచోట స్థలము కావలసినవారు గడువులోపల దరఖాస్తు పెట్టుకొనవలెనని ప్రకటన వ్రాసిరి. అది పైఁ జెప్పిన బల్లమీఁదనే యుండెను. ఆ వీథిలో నొక వృద్ధురాలు ఇరువదియేండ్లుగా ఆకుకూరలమ్ముచుండెను. భర్త లేఁడు; కుమారుఁడు హైదరాబాదులో మేడలు కట్టు పనికిఁ బోయెను. గడువు దాఁటిన పిమ్మట నొకనాఁటి యుదయమున లారీ వచ్చెను. బుట్టలను, గొడుగును, కూర్చుండు పీటను అందులో వేసిరి. మేము బడికిఁ బోవుచు నక్కడ నిలిచితిమి. ఆమె మమ్ముఁ జూచి, "ఎప్పుడు సాటించారు మేస్టారూ? నేను రోజూ ఇక్కడే ఉంటన్నాను గదా!" అని యడిగెను.

మేమేమియుఁ జెప్పలేకపోతిమి. ఆ సంగతి మాకు రెండు నెలలకు ముందే తెలియును. కౌన్సిలరుగా నున్న మా పూర్వవిద్యార్థి యొకఁడు పెండ్లిపందిటిలో మా ప్రక్కఁ గూర్చుండి చెప్పెను. విని, ఇఁక వీథిలో బండ్లు సుఖముగాఁ బోవునని సంతోషించితిమి. ఆ రెండు నెలలలో ఆమెయొద్ద ఎనిమిదిసార్లకుఁ దక్కువ గాకుండ గోంగూరయుఁ దోటకూరయుఁ గొనియుందుము. బేరమాడితిమి, కొసరడిగితిమి. ఈ ముక్క చెప్పవలెనని మాత్రము తోఁపలేదు. మేము దాఁచితిమా? దాఁపలేదు. చెప్పితిమా? చెప్పలేదు.

వీథి వర్తకుల రక్షణకై 2014లో పార్లమెంటు చేసిన చట్టమునుబట్టి, వర్తకుని కదలించుటకు ముందు 30 దినముల నోటీసు నీయవలెను. పట్టణ వర్తక సమితిలో నూటికి 40 మందికిఁ దక్కువ గాకుండ వర్తకుల ప్రతినిధులే యుండవలెను. అది మా పట్టణమున నెంతవఱకు నడచెనను విచారణ మాకిక్కడఁ బనిలేదు. అడిగినపుడు వారు, నోటీసు బల్లమీఁద నున్నది గదా యనిరి. అది నిజమే. ధర్మసందేహమంతయు నీ "ఉన్నది గదా" యను మాటలోనే యున్నది.

భారతమందలి సభాపర్వమనఁగానే అందఱకును వస్త్రాపహరణము జ్ఞప్తికి వచ్చును. మేము ఆ దినము మొదలు దానికిముందు జరిగినదానినే మఱల మఱలఁ దలంచితిమి. ద్రౌపది యా సభలో లేదు. ఆమెనుగూర్చిన నిర్ణయము ఆమె లేనిచోట జరిగెను. జరిగిన పిదప ప్రాతికామి వచ్చి తెలిపెను. ఆమె తిరిగి యొక ప్రశ్న పంపెను: ధర్మరాజు ముందుగాఁ దన్నుఁ దానోడెనా, నన్నోడెనా? భీష్మునంతవాఁడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. అప్పుడు విదురుఁడు, అడిగిన ప్రశ్నకుఁ దెలిసియు బదులు పలుకని సభ్యుఁడు పాపములో భాగము పంచుకొనునని పూర్వకథ యొకటి చెప్పి హెచ్చరించెను. మనుస్మృతియు ఎనిమిదవ యధ్యాయమున నీ యర్థమునే చెప్పును. (మనువును బ్రతివిషయమునను బ్రమాణముగాఁ గొనువారము మేము గాము, శూద్రుఁడు ధర్మనిర్ణయము చెప్పరాదన్నదియు నా యధ్యాయమే.) కాని విదురుఁడు నిందించినది సభలోనివారి మౌనమును. సభ వెలుపలఁ దెలిసి యూరకుండినవారిమాట యతఁడెత్తలేదు. పెండ్లిపందిటిలో విని, గోంగూర కొనుచు నూరకుండినవానికి నే భాగము పంచవలెనో మమ్ము మేమే యడుగుకొనవలసి వచ్చినది.

మా మిత్రుఁడొక వకీలుగలఁడు. ఆయన మా బాధ విని నవ్వెను. "లక్షమందికి నొక్కొక్కరి చెవిలోఁ జెప్పినఁ గాని తీర్మానము చెల్లదన్నచో నే తీర్మానమును జెల్లదు. తెలిసికొనుటకు వీలు కల్పించుట మునిసిపాలిటీ పని, తెలిసికొనుట పౌరుని పని" యనెను. ఇందు సత్యము లేకపోలేదు. పరిపాలన యన్నది యెవరికో యొకరికిఁ దెలియలేదని ప్రతిదినమును నిలిచిపోఁగూడదు. ఐనను "వీలు" అనఁగా నెవరి వీలు? మాకు వీలే. మాకుఁ జదువు గలదు, కండ్లజోడు గలదు, రెండవ శనివారము సెలవు గలదు, మోటారు సైకిలును ద్రోయు బలము గలదు. ఆమె తెల్లవాఱకముందే తోటలకుఁ బోయి కూర తెచ్చుకొనును. కార్యాలయము తెఱచునప్పటికి బుట్టముందుఁ గూర్చుండి యుండును. అది మూయునప్పటికింకను నక్కడనే యుండును. తీర్మాన మెవరి కూటిమీఁద దెబ్బ కొట్టునో వారి యడుగులతోఁ గొలిచినపుడు ఆ బల్ల పది యామడల దూరమున నున్నది.

బడిలో నిరువదియేండ్లు పాఠము చెప్పిన యనుభవముతో నొకమాట చెప్పుదుము. పిల్లలకుఁ దెలియని భాషలో, వారు లేని గంటలో, పాఠము నల్లబల్లపై వ్రాసి తుడిచి, పరీక్షలోఁ దప్పినవానితో "నేను చెప్పితిని గదా" యనెడి యుపాధ్యాయుని ఏ తల్లిదండ్రులును క్షమింపరు. వాఁడు పాఠమును దాఁచెనని యెవరు ననరు. చెప్పెననియు ననరు.

ఈ విషయమున మనకంటెఁ బూర్వులు కొందఱు జాగరూకులు. కళింగమున ధౌళి, జౌగడల శిలలమీఁద అశోకుఁడు తన యధికారులనుద్దేశించి చెక్కించిన శాసనములు రెండు గలవు. వానిని తిష్యా నక్షత్రదినములందు వినిపింపవలెననియు, నడుమనడుమ వినువాఁడొక్కఁడే యున్నను వినిపింపవలెననియు అందే వ్రాయించెను. ఱాతిపైఁ జెక్కించితిని గదా యని యతఁడు తృప్తిపడలేదు. భాషయుఁ బ్రాకృతము, సంస్కృతము గాదు. సంస్కృతముపై మాకెంత ప్రేమయున్నను, ఆ చక్రవర్తి చేసినదే సరియైన పనియని యొప్పుకొనక తప్పదు.

మన పల్లెలలో దండోరా యుండెడిది. డప్పు మ్రోఁగఁగానే వంటయింటిలోని యిల్లాలును, అరుగుమీఁది ముసలివాఁడును, చదువురాని పాలేరును ఒక్కసారియే వినెడివారు. "సాటించారా" యని యా వృద్ధురాలడిగినది దీనినే. దీనిని గుఱించి మురిసిపోవుటకు ముందు మఱియొకటి చెప్పవలెను. ఆ డప్పు వాయించి యూరికి వార్త చెప్పెడివాని గుడిసె యూరి వెలుపల నుండెడిది. రచ్చబండమీఁద నిర్ణయము జరుగునపుడు వానికిఁ గూర్చుండుటకుఁ జోటులేదు. ఊరంతకును దెలిపెడి నోరు వానిది, వాని కెవ్వరును ముందుగాఁ దెలిపెడివారు కారు. కావునఁ దెలుపుట యొక్కటియే చాలదని యా డప్పే సాక్ష్యము చెప్పుచున్నది. నిర్ణయమునకు ముందు తెలుపుట వేఱు, నిర్ణయమైన పిమ్మటఁ దెలుపుట వేఱు. మొదటిది పౌరునకుఁ జేయు మర్యాద, రెండవది సేవకునకుఁ జేయు నాజ్ఞ.

ఇంగ్లీషువారియొద్ద నుండి మనము మునిసిపాలిటీలను గ్రహించితిమి గాని, వారును ఈ భేదమును సులభముగా నేర్చుకొనలేదు. వేల్సుదేశమందలి టెన్‌బీ పట్టణమునఁ గౌన్సిలువారు స్థానిక పత్రికాసంపాదకుని సమావేశమునుండి వెడలఁగొట్టిరి. వ్యాజ్యమాడఁగా, కౌన్సిలు సమావేశములకు వచ్చు హక్కు పట్టణవాసులకు లేదని 1908లో న్యాయస్థానము తీర్పుచెప్పెను. ఆ తీర్పే మేలుచేసినది; ఆ యేఁడే పత్రికలవారిని రానీయవలెనని పార్లమెంటు చట్టము చేసెను. సామాన్యజనులకా హక్కు 1960 వఱకును రాలేదు. ఆ చట్టమును బ్రతిపాదించిన సభ్యురాలు, తరువాతఁ బ్రధానమంత్రిణియైన మార్గరెట్ థాచరు. సమావేశమునకు మూఁడు దినములు ముందుగాఁ బ్రకటన యంటింపవలెనని యందున్నది. రహస్యముగాఁ జర్చింపవలసిన విషయమున్నచోఁ గారణము చెప్పి తీర్మానించి జనులను వెలుపలికిఁ బంపవచ్చును. ఇది న్యాయమే. కాంట్రాక్టు బేరము నడుచుచుండఁగా, ఒక యుద్యోగి రోగమునుగూర్చియో తప్పునుగూర్చియో విచారించుచుండఁగా, తలుపు మూసికొనుట తప్పుగాదు. మూసితిమని చెప్పి మూయవలెను.

మన దేశమునఁ జట్టము లేదనువారు 2005 నాఁటి సమాచారహక్కు చట్టమందలి నాలుగవ సెక్షనును జదువవలెను. అడిగినపుడిచ్చుట గాదు, అడుగకయే ప్రకటింపవలసినవానిని అది లెక్కించినది. ఏ సంఘముల సమావేశములకు జనులు రావచ్చునో, వాని నడతల ప్రతులు జనులకు దొరకునో లేదో ప్రకటింపవలెను. ప్రజలను బాధించు ముఖ్యనిర్ణయములకు సంబంధించిన సంగతులన్నియుఁ దెలుపవలెను. స్థానిక భాషను, ఖర్చును, అందు మార్గమును ఆలోచించి తెలుపవలెను. చట్ట మింత చెప్పినపిదప మునిసిపాలిటీవారి చేతకానితన మనుట కష్టము. ఇంటిపన్ను బాకీ యున్నదని మా చేతిఫోనునకు సందేశములు తప్పక వచ్చుచున్నవి. రాఁబోవు సమావేశమున నేమి చర్చింతురో తెలుపు సందేశ మొక్కటియు రాలేదు. పంపు విద్య తెలియక కాదు గదా!

సభయే లేనిచోటఁ దెలుపుట మఱియుఁ గష్టము. 1993లో అమలునకు వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, మునిసిపాలిటీ గడువు ముగియకముందే యెన్నిక జరుపవలెనని చెప్పినను, విశాఖపట్టణ నగరపాలక సంస్థకు 2012లో గడువు తీఱినపిమ్మట 2021 వఱకును ఎన్నిక లేదు. తొమ్మిదేండ్లు ప్రత్యేకాధికారులే పాలించిరి. ఒక్క మనుష్యుఁడు తన గదిలోఁ దానే ప్రతిపాదించి, తానే యామోదించు తీర్మానమునకుఁ బ్రేక్షకుల వరుస యెక్కడ?

జనులకు శ్రద్ధలేదనునది కడపటి యాక్షేపణ. తలుపు తెఱచినను రారఁట. మిల్లు 1861లోఁ బ్రకటించిన ప్రతినిధి ప్రభుత్వ గ్రంథమున, స్థానిక సభలు చేయు పనికంటె నవి పౌరులకు నేర్పు విద్యయే గొప్పదను భావము గలదు. మేమాయనతో నన్నిటను నేకీభవింపము. ఇందు మాత్ర మేకీభవింతుము. ఎన్నఁడును బిలువని యింటికి రాలేదని చుట్టమును నిందించుట మన మర్యాద గాదు.

మేము చేసినది చిన్నది. ప్రతినెలయు సమావేశపు కార్యక్రమమును దరఖాస్తు పెట్టి తెచ్చుకొని, తెలుఁగుననే, చిన్నచిన్న వాక్యములలో వ్రాసి, శాఖా గ్రంథాలయపు గోడమీఁద నంటించుచున్నాము. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయపు సెస్సుగాఁ జెల్లించు జనులకు ఆ గోడపై నీమాత్రము హక్కు గలదని గ్రంథపాలకుఁడు నొప్పుకొనెను. మొదటినెల దానినిఁ గోచింగు కేంద్రపుఁ బ్రకటన యనుకొనిరి. మూఁడవనెల నొక యిల్లాలు తమ వీథి కాలువ యెన్నవ యంశమో చూపుమని యడిగెను. సమావేశమునాఁడు నలుగురు పోయిరి. ఇద్దఱిని గూర్చుండనిచ్చిరి, ఇద్దఱను బయటనుండుఁడనిరి. ఎందువలన నా భేదమో వారికిని దెలియలేదు, మాకును దెలియలేదు. వచ్చునెల యది లిఖితపూర్వకముగా నడుగఁదలఁచితిమి.

ఆ వృద్ధురాలు ఇపుడు బస్సులు నిలుచు చోటి కావల, ఎండలోఁ గూర్చుండి యమ్ముచున్నది. క్రొత్త సంతలో నామెకు స్థలము రాలేదు. గ్రంథాలయపు గోడ ఆమె వచ్చిపోవు దారిలో లేదు. శనివారములందు మేమే యక్కడికిఁ బోయి, కూర తూఁచునంతసేపు, ఆ కాగితము చదివి వినిపించుచున్నాము. మొన్న మధ్యలో నాపి, "ఇందులో నా సంగతి ఉందా మేస్టారూ?" అని యడిగెను. లేదంటిమి. "అయితే మిగతాది కూడా చదవండి" అనెను.