అక్రమం అనే మాట

డెస్కులో పనిచేసిన రోజుల్లో సింగిల్ కాలమ్ హెడ్డింగులకి నాకు బాగా అచ్చొచ్చిన మాట అక్రమం. పొట్టిది, దేనికైనా అతుకుతుంది. ఇసుక రవాణాకి, కట్టడానికి, అరెస్టుకి, సంతానానికి. ఒక రాత్రి జిల్లా పేజీలో, భర్త చేతిలో భార్య హత్య వార్తకి 'అక్రమ సంబంధమే కారణం' అని పెట్టి టీకి వెళ్లిపోయాను.

మర్నాడు ఆవిడ తమ్ముడు ఫోన్ చేశాడు. తిట్టలేదు. "మా అక్క మీద ఏమన్న కేసుందా సార్?" అన్నాడు. లేదన్నాను. "మరి అక్రమం అని ఎట్ల రాసిండ్రు?"

పోలీసులు చెప్పిందే రాశామన్నాను. అబద్ధం. వాళ్ల ప్రెస్‌నోట్‌లో 'అనుమానంతో' అని మాత్రమే ఉంది. ఆ మాట నేను పెట్టిందే.

క్రమం అంటే వరుస. సంస్కృతంలో దాని ధాతువుకి అడుగు వేయడమని అర్థం. పరాక్రమం, ఆక్రమణ, అతిక్రమణ అన్నీ అక్కణ్ణించి వచ్చినవే. (ఎవరి అడుగు పరాక్రమమో, ఎవరిది ఆక్రమణో తర్వాత తేల్చుకుంటారు.) అంటే అక్రమం వరుస తప్పడమే తప్ప, ఆ మాటలో చట్టం ఊసే లేదు. పైగా తెలుగులో వరుస అంటే చుట్టరికం కూడా. "ఆమె నీకేం వరస?" అంటాం, వావివరసలు అంటాం. అందుకే అక్రమ సంబంధం అనగానే చెవికి వినపడేది సెక్షన్ నంబరు కాదు, వరస తప్పిన మనిషి. అలా అనడానికి కోర్టు అక్కర్లేదు, వీధి అరుగు చాలు.

చట్టం సంగతి చూస్తే ఇంకా విచిత్రం. పాత 497 సెక్షన్, మరొకరి భార్యతో ఆ భర్త అనుమతి లేకుండా సంబంధం పెట్టుకున్న మగవాణ్ణి మాత్రమే శిక్షించేది. భార్యకి శిక్ష లేదు, సహకరించిందన్న పేరుతో కూడా. ఆ సెక్షన్‌ని కూడా 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు కొట్టేసింది. విడాకులకు కారణంగా మిగిలింది గానీ, నేరం కాదు. నేను ఆ హెడ్డింగు పెట్టేనాటికి తీర్పు వచ్చి ఏడాది దాటింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఊరి చివర నాన్న కొన్న ప్లాటు ఉన్న వెంచర్‌కి అనుమతి లేదు. 2020లో తెలంగాణ ప్రభుత్వం లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం తెచ్చినప్పుడు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాం. చట్టం లెక్కన అక్రమ లేఅవుటే. కానీ మా ఇంట్లో ఎవరి నోటా ఆ మాట రాలేదు. "ఎల్ఆర్ఎస్ పెండింగ్‌లో ఉంది" అంటాం, ఏదో కొరియర్ రావాల్సి ఉన్నట్టు. పక్కవాడిది అక్రమం, మనది పెండింగ్.

నేలకి రుసుం కడితే క్రమంలోకి వస్తుంది. మనిషికి ఆ సదుపాయం లేదు. చెల్లని పెళ్లిలో పుట్టిన పిల్లల్ని సక్రమ సంతానంగానే చూడాలని 1955 నాటి హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. అయినా సీరియల్లో, పెళ్లి సంబంధాల్లో, ఆస్తి తగాదాల్లో అక్రమ సంతానం అనే మాట చెక్కుచెదరలేదు. పుట్టడంలో ఆ బిడ్డ తప్పిన వరస ఏంటో ఎవరూ చెప్పరు.

ఈ మాట అధికారం మీదికి తిరిగేది ఒక్కచోటే, 'అక్రమ అరెస్టు' అన్నప్పుడు. కాస్త గౌరవంగా వినిపిస్తుంది. అదీ ఎంతసేపు? ప్రతిపక్షంలో ఉన్నంతసేపు. అధికారంలోకి రాగానే అదే నాయకుడికి చట్టం తన పని తాను చేసుకుపోతుంది.

ఇప్పుడు చాలామంది 'వివాహేతర సంబంధం' అని రాస్తున్నారు. మంచిదే. కానీ నా హెడ్డింగులో అది పెట్టి చూసుకున్నా 'కారణం' అక్కడే ఉంటుంది, ఆవిడ నెత్తిన. ఆ వార్తలో చట్టం నేరమనే పని ఒక్కటే, చంపడం. దానికి నేను ఏ విశేషణమూ వెతకలేదు.

ఉద్యోగం మానేశాక, ఆ లింకు తీసేయమని పాత డెస్కుకి మెయిల్ పెట్టాను. నిన్న మళ్లీ చూశాను. ఆవిడ పేరు కొడితే మొదట వచ్చేది ఇంకా అదే.