నిలబడి బండి నడపవచ్చునా?



మొన్నొక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక కుర్రవాడు నా దగ్గరకు వచ్చాడు. బందరు రోడ్డు మీద మోటారుసైకిల్‌పై నిలబడి పోతుండగా మేనమామ చూసి నలుగురిలో చీవాట్లు పెట్టాడట. "ఫాదర్ గారూ, బండి మీద నిలబడకూడదని చట్టంలో ఎక్కడుందండీ? మామయ్యను చూపించమంటే చూపించలేకపోయాడు" అన్నాడు. ప్రశ్న గడుసుదే. కాని కొట్టివేయవలసినది కాదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 128వ సెక్షన్ ఉంది. నడిపేవాని వెనుక ఒక్కరే ఉండాలి. ఆ ఒక్కరు కూడా గట్టిగా బిగించిన సీటు మీద కూర్చుని ఉండాలి. కనుక వెనుకవాడు నిలబడితే తప్పే. నడిపేవాడు నిలబడరాదన్న మాట మాత్రం ఆ సెక్షన్‌లో లేదు. మనవాడు గెలిచాననుకున్నది ఇక్కడే. అయితే అదే చట్టంలోని 184వ సెక్షన్ ఇతరులకు ప్రమాదం కలిగేలా బండి నడపడం నేరమంటుంది. అది ప్రమాదమా కాదా అన్నది ఆ చోటు, ఆ రద్దీ, ఆ సందర్భం అన్నీ చూసి తేల్చాలంటుంది.

ఈ మాట నాకు సెమినరీలో తత్వశాస్త్రం చదువుకున్న రోజులను గుర్తుచేసింది. పునీత తోమాసు అక్వినాసు వారి బోధ ప్రకారం ఒక క్రియ మంచిచెడ్డలు తేల్చాలంటే ఆ పని ఏమిటి, ఏ ఉద్దేశంతో చేశారు, ఏ పరిస్థితుల్లో చేశారు అని మూడూ చూడాలి. వానాకాలంలో కాలువకట్ట మీదుగా పల్లెలకు పూజకు వెళ్లేటప్పుడు గోతుల దగ్గర నేనూ సీటు మీదనుంచి కాస్త లేచినవాణ్ణే. నెమ్మదిగా, మోకాళ్లు వంచి, ట్యాంకును మోకాళ్లతో అదిమిపట్టి లేస్తే కుదుపు నడుముకు తగలకుండా కాళ్లు భరిస్తాయి. మట్టిదారుల్లో నడిపేవారికి నేర్పే పద్ధతే అది. అందులో పాపం లేదు. అదే భంగిమ లారీల మధ్య, స్నేహితుల చప్పట్ల కోసమైతే వేరే క్రియ అవుతుంది. కాలు బ్రేకు మీదనుంచి తప్పుతుంది. హఠాత్తుగా ఆపవలసివస్తే మనిషి ముందుకు తూలుతాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 16 మీటర్లు దాటిపోతుంది. ఎదుట రోడ్డు దాటుతున్న ముసలమ్మ మన పందెంలో చేరలేదు కదా!

ఇంత చెప్పేసరికి కుర్రవాడు తలవంచుకున్నాడు. సరిగ్గా అప్పుడే గుడి ఆవరణలోనుంచి ఒక కుటుంబం స్కూటరు మీద బయలుదేరింది. వెనుక తల్లి, ఒడిలో చంటిబిడ్డ, ముందు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డ అయిదేళ్ల పిల్లవాడు. వాడు నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. కుర్రవాడు తలెత్తి నావంక చూసి చిన్నగా నవ్వాడు. ఏమీ అనలేదు. అనవలసిన అవసరం లేకపోయింది. కొన్ని నెలల క్రితం ఆ స్కూటరుపై తీర్థజలం చల్లి ఆశీర్వదించింది నేనే.

ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి దేనికైనా గుద్దుకుని ఆగితే, ముందు నిలబడ్డ బిడ్డ ఆగడు. సుమారు 20 అడుగుల ఎత్తునుంచి పడినంత వేగంతో ముందుకు పోతాడు. వాడి ముఖానికి ఎదురుగా ఉన్నది హ్యాండిలే. నాలుగేళ్లు దాటినవారందరికీ హెల్మెట్ ఉండాలని 2019 సవరణ చెప్పింది. నాలుగేళ్లలోపు పిల్లలను నడిపేవారికి పట్టీతో కట్టాలనీ, 40 కిలోమీటర్ల వేగం మించరాదనీ చెప్పే నియమం 2023 ఫిబ్రవరి నుంచి అమలులో ఉంది.

"ఫాదర్ గారూ, ఇంటికి ఒక్క బండి. నలుగురం ఎలా రావాలి?" అని ఆ తండ్రి అడిగితే? న్యాయమైన ప్రశ్నే. ఆయన చప్పట్ల కోసం చేయలేదు, పిల్లలను పూజకు తేవాలని చేశాడు. ఉద్దేశం మంచిది కనుక దోషభారం తక్కువే. కాని బ్రేకు ఉద్దేశాన్ని అడగదు. "మా నాన్న నన్నూ ఇలాగే తిప్పాడు, ఏమీ కాలేదు" అంటాము. ఏమీ కాకపోవడం దేవుని దయ. దాన్ని మన హక్కుగా లెక్కకట్టరాదు. దేవాలయ శిఖరం మీదనుంచి దూకమని సైతాను అడిగినప్పుడు ప్రభువు నిరాకరించింది ఇందుకే. హ్యాండిల్‌కు జపమాల కట్టుకోవడం మంచిదే, అది హెల్మెట్ పని చేయదు.

నరహత్య చేయరాదన్న అయిదవ ఆజ్ఞ కత్తి పట్టినవానికి మాత్రమే కాదు. వేగంపై మోజుతో తన ప్రాణాన్ని, ఇతరుల ప్రాణాన్ని అపాయంలో పెట్టడం ఘోరమైన తప్పని 1992లో వెలువడిన సత్యోపదేశ గ్రంథం ఇదే ఆజ్ఞ కింద చెబుతుంది. మనం చేసినవే కాక, చేయక విడిచినవీ పాపాలేనని పూజ మొదట్లో ఒప్పుకుంటున్నాం. ఆ లెక్కలో, నిలబడి నడిపిన కుర్రవానికంటే చూసి చెయ్యి ఊపిన నేనే ముందుగా పాపసంకీర్తనానికి వెళ్లాలి.

వెళ్లాను. మరుసటి ఆదివారం ఆ తండ్రిని పక్కకు పిలిచి మాట్లాడాను. ఇప్పుడు రెండుసార్లు తిరుగుతున్నాడు. పిల్లవాణ్ణి వెనుక కూర్చోబెట్టి, చిన్న హెల్మెట్ పెట్టి ముందుగా దింపుతున్నాడు. తల్లి వచ్చేవరకు ఉపదేశి గారు వాణ్ణి చూసుకుంటున్నారు. ఇకనుంచి కొత్త బండిని ఆశీర్వదించమని తెచ్చినవారిని నేను ఒక ప్రశ్న అడుగుతాను: "బిడ్డ ఎక్కడ కూర్చుంటాడు?" జవాబు విన్నాకనే తీర్థజలం.