ఉంచుకొనుటకా, అమ్ముటకా?



మా పాస్టరేటు గ్రామములకు తిరుగుచుండిన పాత జీపు తలుపులు తుప్పుపట్టినవి. ఇది పత్రికలో వ్రాయదగిన సంగతియా అని కొందరు అడుగుదురేమో. ఆ తలుపుల యెదుట మాకొక ప్రశ్న వచ్చెను. దానినే మీ ముందర పెట్టుచున్నాము.

1940ల చివర మహీంద్ర సంస్థ మన దేశములో విల్లీస్ జీపులను కూర్ప నారంభించిన దినములలో వాటి ప్రక్కలకు సాధారణముగా గుడ్డయే యుండెడిది. చినిగినది చినిగినట్టు కనబడెడిది. తరువాత వచ్చిన రేకు తలుపు అటువంటిది కాదు. అది రెండు రేకుల నడుమ బోలుగా నుండును. అద్దము ప్రక్కనున్న రబ్బరు సందున దిగిన వాననీరు అడుగునకు చేరి, అక్కడి చిన్న రంధ్రములగుండ కారిపోవలెను. బురద ఆ రంధ్రములను మూసినయెడల నీరు మడతలో నిలిచి ఇనుమును లోపలినుండి తినును. తుప్పు తాను తిన్న ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక పైరంగు బొబ్బలుగా లేచును. బొబ్బ కనబడునాటికి లోపలి నాశనము చాలవరకు జరిగియుండును.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మన రాజోలిని ముంచినప్పుడు ఈ బండియు నీటిలో నిలిచెను. నీరు తీసిన పిమ్మట పైనంతయు కడిగితిమి. తలుపుల కడుపులో చేరిన ఒండ్రు సంగతి మాకు తోచలేదు. ఇండ్లు కూలినవారి మధ్య జీపు తలుపును తలంచువాడెవడు?

ఇటీవల గుడి కప్పునకు క్రొత్త రేకులు కావలసివచ్చి, జీపును అమ్మి ఆ సొమ్ము వాడుదమని సంఘ పెద్దలు తీర్మానించిరి. అమ్ముటకు ముందు తలుపులు బాగుచేయింపవలెనని నది దాటి కర్నూలులోని ఒక షెడ్డుకు వెళ్లితిమి. పనివాడు స్క్రూడ్రైవరుతో తలుపు అడుగు అంచున పొడిచెను; అది తడిసిన అట్టలోనికి దిగినట్లు దిగెను. అతడు మా ముఖము చూచి, "అయ్యగారూ, బండి ఉంచుకునేదా, అమ్మేదా?" అని అడిగెను.

ఎందుకనగా, దాచక చెప్పెను. ఉంచుకొనునదైతే తలుపు ఊడదీసి, మెరయు ఇనుము కనబడువరకు చెడిన రేకు కోసి, క్రొత్త రేకు అతికి, రంధ్రములు తెరచి, లోపల కూడ రెడాక్సైడు పూయవలెను. అమ్మునదైతే పైపైన గీకి, లప్పము పెట్టి, రంగు కొట్టిన చాలును. రెండు వానకాలములు ఆగును. ఖర్చు నాలుగవ వంతు.

మాతో వచ్చిన పెద్ద ఒకరు, "చూచుకొనుట కొనువాని పని. సంతలో ఎద్దునమ్మువాడు దాని కుంటిని చాటునా?" అనిరి. ఈ మాటను తేలికగా త్రోసివేయకూడదు. కొనువాడు పసివాడు కాడు. పాతబండియని తెలిసియే వచ్చును. లప్పమునకు అయస్కాంతము అంటదు గనుక తెలిసినవాడు దానిని జేబులో పెట్టుకొనియే వచ్చును. అయితే అట్టివాడు ఇంతకుముందు నాలుగు బండ్లు కొని అమ్మినవాడు. మిరపకాయలమ్మిన సొమ్ముతో మొదటిసారి బండి కొన వచ్చువాని జేబులో అయస్కాంతము ఉండదు. లప్పము వానినే మోసపుచ్చును.

తుప్పు అనగానే మత్తయి 6:19 మీద ప్రసంగించుట సులభము, మేమును ప్రసంగించితిమి. ఆ దినమున మాత్రము ద్వితీయోపదేశకాండము 25:13 మమ్మును పట్టుకొనెను. సంచిలో రెండు విధములైన తూనికరాళ్లు ఉండకూడదని అక్కడి ఆజ్ఞ. వాడుట మాత్రమే కాదు, ఉంచుకొనుటయే తప్పు. పనివాడు అడిగిన ప్రశ్నలో మా రెండు రాళ్లును కనబడినవి.

ఇంతకంటె కష్టమైన ప్రశ్న మరియొకటి. ఆ బండి మాది కాదు. కూలిచేసి కానుక వేసినవారిది. వారి సొమ్ముతో మేము నీతిమంతులమనిపించుకొనుట న్యాయమా? దీనికి షెడ్డులో జవాబు దొరకలేదు. బండిని అట్లే త్రోలుకొని వచ్చి, ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అంతయు సంఘమునకు చెప్పితిమి. తుప్పు చూపించి తక్కువకే అమ్ముదమని ఒక యౌవనస్థుడనెను, అదియు న్యాయమే. ఒక వృద్ధ సహోదరి, "ఆ తలుపుకు ఆనుకొని ఎవరో పిల్లలు కూచుంటారు గదా అయ్యగారూ" అనెను. కోయించుటకే అందరు ఒప్పుకొనిరి.

కోయగా తెగినది అనుకొనినదానికి రెండింతలు. తుప్పు తిని పలుచనైన అంచుకు క్రొత్త రేకు అతికినయెడల వెల్డింగు వేడికి ఆ అంచే కాలి రంధ్రము పడును. మార్కు 2:21లో ప్రభువు మాసికను గూర్చి చెప్పినది ఇనుమునకును వర్తించును. గద్వాల చీర నేయు మన ఊరివారికి ఇది చెప్పనక్కరలేదు. నూలు ఒంటికి పట్టు అంచు కలియుచోటనే వారి చూపంతయు. ఒకేసారి అతికిన రేకు వేడికి వంగునని పనివాడు ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క పెట్టుచు రెండు దినములు పనిచేసెను. లప్పము కూడ పెట్టెను, గోరంత మందమున. లేవీయకాండము 14వ అధ్యాయములో ఇంటి గోడకు పొడ పుట్టినప్పుడును చెడిన రాళ్లు తీసి, వేరు రాళ్లు చేర్చిన తరువాతనే పూత.

బండిని ఒక రైతు కొనెను. అతుకులు ఎక్కడెక్కడనో చూపించితిమి; అతడు వ్రేళ్లతో తట్టి చూచి, ధరలో కొంత తగ్గించియే యిచ్చెను. ఖర్చులు పోగా మిగిలినది సగము కప్పునకే చాలెను. దక్షిణపు వైపున పాత రేకులే యున్నవి. వాన పడినప్పుడు అక్కడ కూర్చుండు స్త్రీలు చాపలను గోడ దగ్గరకు జరుపుకొనుచున్నారు. వారిలో ఆ వృద్ధ సహోదరియు ఉన్నది.