మరల అడుగుట తప్పా?

ధ్యానభాగము: సంఖ్యాకాండము 27:1-11, 36:1-12

సెలోపెహాదునకు కుమారులు లేరు. అయిదుగురు కుమార్తెలు మాత్రమే యుండిరి. అతడు అరణ్యములో చనిపోయెను. అప్పటి వాడుక చొప్పున ఆ ఆడబిడ్డలకు స్వాస్థ్యము రాదు. వారు గుడారములో కూర్చుండి సణుగుకొనలేదు. మోషే యెదుటను, యాజకుని యెదుటను నిలిచి తమ సంగతి చెప్పుకొనిరి. మోషే దానిని దేవుని సన్నిధికి తీసికొనిపోగా, వారి మనవి న్యాయమేయని తీర్పు వచ్చెను.

ప్రియ చదువరులారా, ఈ వృత్తాంతము నేటి ప్రశ్న యొకదానికి వెలుగు నిచ్చుచున్నది. అమెరికాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు అనేకము కలవు. అక్కడ పిల్లలు కళాశాలలో చేరునప్పుడు 'ఫాఫ్సా' అను దరఖాస్తులో కుటుంబపు ఆదాయము తెలుపుదురు. దానినిబట్టి సహాయము నిర్ణయమగును. అయితే అందులో చూచునది రెండేండ్ల క్రిందటి ఆదాయము. 2026లో చేరు బిడ్డకు 2024 లెక్కయే ఆధారము. ఈ నడుమ తండ్రికి ఉద్యోగము పోవచ్చును; తల్లి వైద్యమునకు కూడబెట్టిన సొమ్మంతయు కరగిపోవచ్చును. కాగితము మాత్రము పాత సంగతియే చెప్పును.

అప్పుడు మరల అడుగవచ్చునా? ఇచ్చినదానితో తృప్తిపడక చేయి చాచుట దురాశ యగునేమోయని కొందరు వెనుదీసి, అప్పులపాలగుదురు. ఇది వినయమువలె కనబడును గాని, పలుమారులు ఇది సిగ్గు మాత్రమే. 1965లో చేయబడిన అక్కడి ఉన్నత విద్యా చట్టము చొప్పున, సహాయ కార్యాలయపు అధికారి ఒక్కొక్కరి సంగతి విడిగా విచారించి, రుజువులు చూచి, లెక్కను సవరింపవచ్చును. ఇట్టి మనవులన్నిటిని త్రోసివేయు పద్ధతి కళాశాల పెట్టుకొనరాదని నియమము కూడ ఉన్నది. చట్టమే వినుటకు చెవి యొగ్గినప్పుడు నోరు మూసికొనుట పుణ్యమా?

అయినను అడుగు విధమొకటి కలదు. మొదటిది సత్యము. ఉద్యోగము పోయిన ఉత్తరమును, ఆసుపత్రి బిల్లులను చూపవలెను. వచ్చు అద్దెను దాచరాదు. కొంత దాచి అంతయు చెప్పితిమన్న అననీయ సప్పీరాల గతి మనకు తెలియును. రెండవది పొరుగువాని తలంపు. కళాశాల ధనసంచి అంతులేనిది కాదు. అవసరము లేకయే, వేరొక కళాశాల ఎక్కువ ఇచ్చెనని చూపి బేరమాడువారు కలరు. అది చట్టమునకు విరోధము కాదు. కాని నాకు వచ్చిన ఆ సొమ్ము నాకంటె పేదయగు బిడ్డకు అందవలసినదేమోయని మనస్సాక్షిని అడుగవలదా?

సెలోపెహాదు కుమార్తెల కథ అక్కడితో ముగియలేదు. వారి భూమి వేరు గోత్రమునకు పోవునని తమ గోత్రపు పెద్దలు తరువాత మొరపెట్టిరి. తమ గోత్రములోనే వివాహమాడవలెనని కట్టడ రాగా, ఆ కుమార్తెలు లోబడిరి. ధైర్యముగా అడిగినవారే, ఇతరుల మేలుకొరకు విధించిన హద్దును కూడ అంగీకరించిరి. అధికారి కాదనినయెడల దానిపై విద్యాశాఖకు చెప్పుకొను వీలు లేదు. అప్పుడు పగపట్టక వేరు మార్గము వెదకుట మంచిది.

మన గ్రామములలోను ఫీజు తగ్గింపుమని అడుగలేక బిడ్డ చదువు మాన్పించు తండ్రి యుండవచ్చును. అతనిని నిందింపకుడి. ప్రక్కన కూర్చుండి, సత్యమైన మనవిపత్రము వ్రాయుటకు తోడ్పడుడి.