పిల్లిని పెంచుట దోషమా?

ధాన్యపు కొట్టు గలవారికి ఎలుకల బాధ చెప్పనక్కరలేదు. ఒక పిల్లిని తెచ్చి కొట్టులో విడిచిన చాలునని పొరుగు వర్తకులు సలహా యిత్తురు. అహింసాణువ్రతము గల శ్రావకుడు ఆ సలహాను పాటింపవచ్చునా?

పిల్లి విషయమున లోకము ఎన్నడును ఒక్క మాటమీద లేదు. ప్రాచీన ఈజిప్టులో బుబాస్టిస్ నగరమున మార్జారముఖియైన బాస్తెత్ దేవతకు ఆలయముండెడిది. పెంపుడు పిల్లి చనిపోయినచో ఇంటివారందరు కనుబొమలు గొరిగించుకొందురని గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ వ్రాసెను. అంత భక్తితో పాతిపెట్టిన పిల్లుల కళేబరములనే 1890లో ఓడ కెక్కించి, లివర్పూలు రేవున ఎరువు క్రింద టన్నుల లెక్కన వేలము వేసిరి. దేవత సరకయ్యెను! బెల్జియములో ఉన్నిబట్టల వర్తకమునకు పేరొందిన ఈప్ర్ పట్టణమున పిల్లులను గోపురము మీదనుండి క్రిందికి విసరెడివారు. బట్టల కొఠారులో ఎలుకలను పట్టుటకు ఉంచిన పిల్లులే అవి యని చెప్పుదురు. 1817తో ఆ క్రూరత్వము ఆగినది. నేటి ఉత్సవమున విసరునవి గుడ్డ పిల్లులు. ఇస్లామునందు పిల్లి మూతిపెట్టిన నీరు అశుచి కాదు. మన మహాబలిపురపు శిలపైన మాత్రము అది ముంగాళ్లెత్తి, ఎలుకల నడుమ దొంగతపస్సు చేయుచున్నది. ఆకలికి ఎలుకను పట్టుట దాని స్వభావము. కపటము మనము అంటగట్టినదే.

కనుక విచారింపవలసినది పిల్లి గుణము కాదు, పెంచువాని ఉద్దేశము. 12వ శతాబ్దమున హేమచంద్రాచార్యులు యోగశాస్త్రములో, శ్రావకులు విడువవలసిన పదునైదు కర్మాదానములలో అసతీపోషణమును చేర్చిరి. చిలుక, గోరువంక, కుక్క, కోడి, నెమలి, పిల్లి – వీనిని ధనార్థము పెంచుట అందులోనిది. ‘ధనార్థము’ అను మాటను గమనింపుడు. చిలుక ఎవరిని చంపును? అయినను అది జాబితాలో నున్నది.

చేయుట, చేయించుట, అనుమోదించుట – మూడును దోషములే యని మన బాలురకు సైతము తెలియును. ఎలుకల కొరకై తెచ్చిన పిల్లికి పోసిన పాలు దయ కాదు, కూలి. ఆకలితో వాకిట చేరిన పిల్లికి పోసినవి జీవదయయే. కాని మరునాడు అది ఎలుకను పట్టినదని విని, బస్తాలు దక్కెనని లోలోన సంతోషించితిమా, అచ్చట అనుమోదనము ప్రవేశించును. ఈ చిక్కు నిజమైనది. దీనిని మాటలతో దాటవేయరాదు.

కలుగులను సిమెంటుతో మూయుట, బస్తాలను గోడకు దూరముగ బల్లలపై పేర్చుట, తలుపు అడుగున రేకు కొట్టించుట – ఈ మార్గ మొకటి యున్నది. పిల్లి పాలకన్న దీనికి ఖర్చెక్కువ.